నేను తోడొచ్చానంతే

జులై 6, ఆదివారం. హిందూపురం

ప్రభుత్వాసుపత్రి మనందరిదీ అని ఇన్నేళ్ళుగా క్లాసులో చెబుతున్నాను. మరి నాకు దగ్గొస్తే ఆ గడప ఎందుకు తొక్కను?

ఇది కొత్త ప్రశ్నేం కాదు. ఎం.ఏ. చదివే రోజుల్లో మొదటిసారి వచ్చింది. అప్పట్నుంచీ అడపాదడపా వచ్చి తలుపు కొడుతూనే ఉంది. మేడమ్ ఇంట్లో లేరని చెప్పించి పంపేస్తుంటాను.

ఇవాళ మళ్ళీ రావడానికి కారణం మా ప్రిన్సిపాల్. ఆగస్టు చివర్లో పెనుకొండలో, మా కాలేజీలోనే సదస్సు పెట్టారు. "వర్ధమాన దేశాల్లో ప్రజారోగ్య స్థితి" మీద ప్రధానోపన్యాసం నాదట. అక్కడ ఎకనామిక్స్ చెప్పేది నేనొక్కదాన్నే కాబట్టి ప్రధానం నేనే, అప్రధానం నేనే.

మా ఆయన ఫిరోజ్ పట్టుగూళ్ళ మార్కెట్ నుంచి అప్పుడే వచ్చాడు, ఒంటినిండా ఆ వాసనతో. చెప్పాను.

"ప్రజారోగ్యమా? మొన్న జలుబుకు బెంగళూరు పోయొస్తివే, అది గూడా చెప్తావా?"

"అది జలుబు కాదు. సైనస్."

"ఔలే. ఈడుంటే జలుబు, బెంగళూరు పోతే సైనస్."

సాయంత్రం ధర్మవరం నుంచి అమ్మ ఫోన్. చెప్పు కరిచిందట, చిటికెన వేలి దగ్గర చిన్న పుండు. "ఏం కాదులే, పసుపు పెట్టినా" అంది. షుగర్ ఉన్న మనిషి కాలి మీద పుండు లేచిందంటే ఏమిటో నాకు తెలుసు. అమ్మకూ తెలుసు. ఇద్దరం వానల గురించి మాట్లాడుకుని ఫోన్ పెట్టేశాం.

జులై 9

ఉపన్యాసానికి శీర్షిక రాశాను. కింద గీత గీశాను. గీత బాగా వచ్చింది.

జులై 13, ఆదివారం

ధర్మవరం పోయొచ్చాను. తమ్ముడు షబ్బీర్ ఆటో వేసుకుని బేరాలకు పోయాడు. అమ్మ ఎప్పటిలాగే గడప దగ్గర కూర్చుని పట్టుచీరల కొంగులకు కుచ్చులు కడుతోంది. పుండు నేననుకున్నంత చిన్నది కాదు. అంచుల్లో నలుపు తిరిగింది.

పక్కిల్లు పుల్లయ్య మామది. ముందు మిఠాయి అంగడి, వెనక ఇల్లు. పెరట్లో మాకూ వాళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. నేను పుట్టకముందు నుంచీ ఆ గోడ మీదుగా గిన్నెలు దాటుతున్నాయి. మా నుంచి నిమ్మకాయలో మునగాకో పోతే, అదే గిన్నెలో మైసూర్‌పాక్ ముక్కలు వస్తాయి. గిన్నెను ఉత్తదే తిరిగివ్వడం మా వీధిలో తిట్టుతో సమానం. అమ్మా, పుల్లయ్య మామ భార్య సరస్వతమ్మత్తా ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. చుట్టరికం ఏమీ లేదు. ఆ గోడే చుట్టరికం.

"మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?"

"మింగుతాండా."

"రోజూనా?"

"మింగుతాండా అని చెప్తాండా కదే."

"మరెందుకు తగ్గదు?"

గోడ అవతల సరస్వతమ్మత్త తల లేచింది. "పాపా, మీ యమ్మనేం అనొద్దు. ముసిలిదైపోయింది."

"నీకంటే చిన్నదాన్ని వదినా," అంది అమ్మ.

"మనిషి చిన్నదే. నోరే పెద్దది."

అత్త మొహం వాడిపోయినట్టుంది. ఏంటత్తా ఇలా అయ్యావు అంటే, "శనివారం కదా, ఒక్కపొద్దు" అంది.

ఇవాళ ఆదివారం. పెద్దవాళ్ళకు ఉపవాసాలు ఎక్కువైతే వారాలు కూడా గుర్తుండవు పాపం.

జులై 16

సెలవు పెట్టి అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అలా రాశాను గానీ, నిజానికి అమ్మే నన్ను తీసుకెళ్ళింది. వీధి చివర సర్కారాసుపత్రి. ఏ బల్ల మీద కూర్చుంటే ఫ్యాను గాలి తగులుతుందో, ముందు ఏ గదిలోకి పోవాలో అన్నీ ఆమెకు తెలుసు. ఆశా కార్యకర్త కుళ్ళాయమ్మ దూరం నుంచే "షంషక్కా, దా దా" అని పిలిచింది. నా చెయ్యి నాకు తెలియకుండానే కొంగును ముక్కు దగ్గరికి తీసుకుపోయింది. అమ్మ చూడనే చూసింది.

"ఫినాయిలే లే. మీ బెంగళూరు ఆసుపత్రిలో అత్తరు చల్లుతారేమో."

డాక్టర్ పూర్ణిమ చిన్న వయసు మనిషి. కళ్ళ కింద అలసట. రిపోర్టు చూసి, అమ్మను చూసి, మళ్ళీ రిపోర్టు చూసింది.

"షంషున్నీసమ్మా, నిజం చెప్పు. మాత్రలు వేసుకుంటున్నావా?"

"మింగుతాండా డాక్టరమ్మా."

"మరి షుగర్ ఇంత ఎందుకుంది? ఏం తింటున్నావు?"

అమ్మ తల దించుకుంది. "జిలేబి" అంది.

నాకు ఒళ్ళు మండింది. డాక్టరమ్మ తిట్టాల్సినవన్నీ తిట్టింది. మాత్రల మోతాదు ఇంకా పెంచింది. అంతకుముందు కూడా ఒకసారి పెంచిందట. ఈ నెలలో పుండు దారికి రాకపోతే అనంతపురం పంపాలి, వేలు తీసెయ్యాల్సి రావచ్చు అని నాతో విడిగా చెప్పింది.

బయటికొచ్చాక చూస్తే అమ్మ మొహం వెలిగిపోతోంది. మాత్రలు పెరిగినందుకు ఇంత సంతోషించిన రోగిని నేను చూడలేదు. డాక్టరమ్మ మీద అంత నమ్మకం.

బెంగళూరు పోదామన్నాను. "ఆడ నన్ను బెడ్డు నంబరంటారు. ఈడ షంషక్కా అంటారు. నేను రాను" అంది.

జులై 17

అమ్మ చిటికెన వేలి గురించి ఆలోచిస్తూ తలసరి ఆరోగ్య వ్యయం గురించి పాఠం చెప్పాను. పిల్లలకు తేడా తెలియలేదు.

జులై 20, ఆదివారం

ఇవాళ పుల్లయ్య మామ అంగడికే పోయి నిలబడ్డాను.

"మామా, మా అమ్మకు మిఠాయి ఇవ్వద్దండి."

బూందీ పొట్లం కడుతున్నవాడు దారం నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. "మీ యమ్మకా? మీ యమ్మ నా అంగట్లో తీపి కొని ఎన్నేండ్లాయ. బొరుగులు దప్ప ఏం కొనదు."

"మరి గోడ మీంచి వచ్చేది?"

"అది ఆడోళ్ళ యవ్వారం. గోడ సంగతి నాకు తెల్దు." దారం తెంపాడు. "అయినా పాపా, నా మిఠాయి తిని ఎవురికన్నా షుగరొచ్చిందని విన్న్యావా? మా ఇంటామెను సూడు. పెండ్లయిన కాణ్ణుంచి ఈ పాకం గాలే పీలుస్తాంది. రాయి మాదిరి ఉండాది."

లోపల ఏదో గిన్నె కింద పడిన చప్పుడయ్యింది.

నేను నమ్మలేదు. తన సరుకును తను వెనకేసుకు రాకపోతే వ్యాపారి ఎలా అవుతాడు? ఆర్థికశాస్త్రం చదివినదాన్ని, అమ్మేవాళ్ళ మాట ఎలా వినాలో నాకు తెలుసు.

జులై 26

అమ్మను హిందూపురం తెచ్చేశాను. రైల్లో దారి పొడుగునా మూతి ముడుచుకునే కూర్చుంది. ఇక్కడైతే మాత్రలు నా కళ్ళముందే వేసుకోవాలి. ఇంట్లో చక్కెర, బెల్లం, బిస్కెట్లు ఏవీ లేకుండా పనిమనిషికి ఇచ్చేశాను. ఫిరోజ్ చప్పటి టీ తాగుతూ, "తప్పు చేసింది అత్తమ్మ, జైలు మాత్రం నాకు" అన్నాడు.

జులై 28

సరస్వతమ్మత్త పొద్దునా సాయంత్రం ఫోన్ చేస్తోంది. ఒకటే మాట: "వదిన ఎప్పుడొస్తాది?" నాకు కళ్ళు చెమర్చాయి. నలభై దాటిన నాకు అలా పొద్దునా సాయంత్రం ఎదురుచూసే స్నేహితురాలు ఒక్కరన్నా ఉన్నారా అని చాలాసేపు ఆలోచించాను.

జులై 30

ఫిరోజ్ గూళ్ళ పని మీద ధర్మవరం పోతున్నాడని తెలిసి అమ్మ ఒక రేకు డబ్బా చేతికిచ్చింది, సరస్వతమ్మత్తకు ఇమ్మని.

"ఏముండాది అత్తమ్మా ఇందులో?"

"కుచ్చుల దారం నాయనా."

ఫిరోజ్ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "దారం గలగలమంటాదా?"

"పూసలు గూడా ఉండాయి. కుచ్చులకు గుచ్చేవి."

సరస్వతమ్మత్త కుచ్చులు కట్టడం నేనెప్పుడూ చూడలేదు. కొత్తగా నేర్చుకుంటోందేమో. ఈ వయసులో కూడా నేర్చుకోవాలనుకోవడం మంచిదే.

ఆగస్టు 2

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

పొద్దున అమ్మ మాత్రలు వేసుకుంది, నేనే నీళ్ళందించాను. టిఫిన్ సగం తిని వదిలేసింది. కాసేపటికి వంటింట్లోకి పోయి చూస్తే గోడకానుకుని చెమటలో తడిసిపోయి ఉంది. నన్ను చూసి, చనిపోయిన మా పెద్దమ్మ పేరుతో పిలిచింది. చేతులు గడగడా వణుకుతున్నాయి. ఇది షుగర్ పెరగడం కాదు, పడిపోవడం అని అర్థమైంది. వెంటనే తీపి పెట్టాలి. డబ్బాలు తెరిచాను. చక్కెర లేదు, బెల్లం లేదు. ఇల్లంతా నేనే ఊడ్చిపెట్టాను కదా.

"ఫిరోజ్, ఏదైనా తీపి" అని అరిచాను.

ఫిరోజ్ బయటికి పరుగెత్తి, స్కూటర్ డిక్కీలో నుంచి రేకు డబ్బా తెచ్చాడు. మొన్న అమ్మ పంపిన డబ్బానే. నిండా మైసూర్‌పాక్. సరస్వతమ్మత్త డబ్బాను ఉత్తదే తిరిగి పంపుతుందా? ఈయన దాన్ని నా నుంచి దాచుకుని రోజుకింత తింటున్నాడు. ముక్క నలిపి అమ్మ నోట్లో పెట్టాం. ఇంకో ముక్క. కాసేపటికి అమ్మ కళ్ళు నిలిచాయి.

"పుల్లయ్యన్నది," అంది నాలుకతో రుచి చూస్తూ. "నెయ్యి తగ్గించినాడు ఈమధ్య."

నేను నేలమీదే కూలబడి ఏడ్చాను.

ఆగస్టు 3, ఆదివారం

నిన్న మధ్యాహ్నం జరిగిన మాటలు వరసగా రాస్తున్నాను, ఎందుకంటే ఇంకా నమ్మకం కుదరడం లేదు.

"అమ్మా, రాసిచ్చిన మాత్రలు రాసిచ్చినట్టు వేసుకుంటే ఇలా పడిపోయావంటే, ఇన్నాళ్ళూ వేసుకోలేదనే కదా?"

"వేసుకున్న్యా. సగం."

"మిగతా సగం?"

"గోడ దాటినాయి."

ఫిరోజ్ చప్పటి టీ కప్పు కింద పెట్టాడు.

"పోయినేడు కుళ్ళాయమ్మ ఇంటింటికీ వచ్చి యేలు గుచ్చి సూసింది కదా. పుల్లయ్యన్న అంగట్లో నుంచే చెప్పి పంపించినాడు, మా ఇంట్లో ఎవురికీ ఏ రోగమూ లేదమ్మా అని. వదిన అప్పుడు మా ఇంట్లో ఉండె. నగుతా నగుతా, నాది గూడా గుచ్చు సూద్దామని యేలు జాపింది. సూస్తే నాకంటే ఎక్కువుండాది. కుళ్ళాయమ్మ పేరు రాసుకుంటానంటే, వద్దు తల్లీ అని గడ్డం పట్టుకునె."

"ఎందుకట్లా?"

"ఎందుకేమే? మిఠాయంగడోని పెండ్లానికే షుగరంటే ఆ అంగడికి ఎవురన్నా పోతారా? ఆమే తినలేనిది మనకమ్ముతాన్నాడు అనరూ?"

"ప్రైవేటు డాక్టరుకు చూపించుకోవచ్చు కదా."

"మందులంగడాయన పుల్లయ్యన్న దోస్తు. చీటీ చూసినోడు ఊరికే ఉంటాడా? అందుకే మునగాకు గిన్నెలో అడుగున పెట్టి నా మాత్రలిస్తాంటి. ఆమె గిన్నెలో మైసూర్‌పాక్ పెట్టి ఇస్తాండె."

"డాక్టరమ్మ మోతాదు పెంచినప్పుడైనా చెప్పాలి కదమ్మా."

"ఏమిటికి చెప్తా? పెంచినప్పుడు నాకు సంతోషమాయ. ఇద్దరికీ సరిపోతాయి లే అని."

ఫిరోజ్ నవ్వాపుకోలేక బయటికి పోయాడు. నేను నవ్వలేదు. కొంతసేపటి తర్వాత వంటింట్లో ఒక్కదాన్నే నవ్వాను.

"మరి జిలేబి?"

"యాడి జిలేబి? ఏదో ఒకటి చెప్పాల కదా. తీపి తిన్న్యానంటే తిట్టి వదిలేస్తారు. మాత్రలిచ్చినానంటే వదుల్తారా?"

"అంటే నువ్వు తీపి తినలేదు."

"గిన్నెలో వచ్చినేవి పారేస్తామా," అంది. అంటే తిన్నదనో, వీధి పిల్లలకు పంచిందనో. మళ్ళీ అడిగితే కుచ్చులు కట్టే పనిలో మునిగిపోయింది.

"నీ వేలు పోయేదమ్మా."

"యేలు పోతే నడుస్తా. వదిన పోతే గోడకు ఇవతల నిలబడి ఎవురితో మాట్లాడాల?"

సగం మాత్రతో ఒక మనిషి సగం బాగుపడదు. రెండు ఇళ్ళలో ఇద్దరూ జబ్బుగానే ఉంటారు. ఇంత చిన్న లెక్క అమ్మకు తెలియదా? తెలుసుననే అనిపిస్తోంది. ఆమె వేసుకున్న లెక్క వేరే. అది నా పుస్తకాల్లో లేదు.

"నీ ఉపన్యాసం దొరికినట్టే," అన్నాడు తిరిగొచ్చిన ఫిరోజ్.

ఎవరికీ చెప్పనని అమ్మ నా చేత ఒట్టు పెట్టించుకుంది.

ఆగస్టు 5

డాక్టర్ పూర్ణిమ దగ్గరికి పోయాం. షుగర్ పడిపోయిన సంగతి చెప్పక తప్పదు. ఇన్నాళ్ళూ మాత్రలు సరిగా వేసుకోలేదనీ చెప్పక తప్పదు. ఎందుకో మాత్రం అమ్మే చెప్పింది: "మరుపు, డాక్టరమ్మా. ముసిలితనం."

మొదట జిలేబి, ఇప్పుడు మరుపు. ఇద్దరు ముగ్గురు మనుషుల తప్పులు తనొక్కతే మోస్తోంది, అదీ హాయిగా. డాక్టరమ్మ మోతాదు తగ్గించి, నా వైపు తిరిగింది. "మీరు చదువుకున్నవాళ్ళు కదా మేడమ్. కొంచెం చూసుకోవాలి."

తల ఊపాను. ఆ మనిషికి నిజం చెప్పడం నా బాధ్యత. చెప్పననడం నేనిచ్చిన మాట. రెండూ నా నోట్లోనే ఉన్నాయి.

ఆగస్టు 8

సరస్వతమ్మత్తకు మాత్రలు నేను కొనిస్తానన్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"నువ్విస్తే తీసుకోదు. నీ గిన్నెలో ఏం పెట్టి తిరిగిస్తాది?"

నిజానికి కొనివ్వడం కూడా తప్పే. పరీక్ష లేకుండా పక్కామె మాత్రలు మింగుతోంది మనిషి. చూపించుకోవాలి. ఎక్కడ? అమ్మ ఎప్పుడో ఆలోచించి పెట్టుకుంది.

"పెనుకొండకు పిల్చుకోని పో. ఆడ వదిన మొగం ఎవురికీ తెలీదు."

"అక్కడ నా మొహం అందరికీ తెలుసమ్మా."

"నీ మొగానికేమే? నీకు రోగం లేదు కదా."

పుల్లయ్య మామకు పెనుకొండలోని బాబయ్య దర్గాకు పోతున్నామని చెప్పాలట. బాబయ్య పేరు చెబితే ఆయన అడ్డు చెప్పడట.

ఆగస్టు 12, మంగళవారం

పెనుకొండ సర్కారాసుపత్రి. కాలేజీకి పోతూ రోజూ దాని ముందు నుంచే పోతాను. లోపలికి పోవడం ఇదే మొదటిసారి.

సరస్వతమ్మత్త కొంగు తలమీదుగా ముక్కుదాకా కప్పుకుంది. ఎవరూ చూడకూడదనుకున్న మనిషిని అందరూ చూసేలా కప్పుకోవడం ఎలాగో ఆమె దగ్గరే నేర్చుకోవాలి. వరుసలో నిలబడ్డాం. నేను ఎవరికీ కనిపించకూడదని ఫోన్‌లో తల పెట్టాను. అయినా వెనక నుంచి ఒకామె భుజం తట్టింది.

"మేడమ్, మీరు ఈడికొస్తిరా? నేను హేమలత వాళ్ళమ్మను, చౌడమ్మ. మా పాప మీ క్లాసే. ఏమైంది మేడమ్?"

"నాకేం లేదమ్మా. ఈమెకు తోడొచ్చానంతే."

సరిగ్గా అప్పుడే ముందు కిటికీ దగ్గర నర్సు సరస్వతమ్మత్తను ఏం బాధ అని అడిగింది. కొంగు లోపలి నుంచి గొంతు వినిపించింది. "నాకేం లేదు తల్లీ. ఈ యమ్మకు తోడొచ్చినా."

నర్సు కలం కింద పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇద్దురూ తోడొచ్చినారు, సరే. రోగి ఎవురమ్మా?"

వరుసంతా నవ్వింది. చౌడమ్మ నవ్వింది. కొంగు వెనక సరస్వతమ్మత్త కూడా నవ్వుతోందని భుజాలను బట్టి తెలిసింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నవ్వితే ఎవరూ అడగరు కదా.

"ఇద్దురూ కూచోండి" అంది నర్సు.

అత్త వేలు చాపి, మెషీన్ వైపు చూడకుండా, గోడ మీద టీకాల బొమ్మ వైపు చూసింది. డాక్టరు తిట్టలేదు. మాత్రలిచ్చి, ఎలా వేసుకోవాలో నిదానంగా చెప్పి, వచ్చే మంగళవారం మళ్ళీ రమ్మన్నాడు. ఆమె వాటిని వక్కాకు తిత్తిలో దోపుకుంది.

ఇక నా వంతు. బీపీ పట్టీ చుట్టిన నర్సు, "పరిగెత్తుకోని వచ్చినారా మేడమ్?" అని అడిగింది. లేదన్నాను. కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. "ఎప్పుడన్నా చూపించుకున్న్యారా?"

బెంగళూరులో సైనస్ చూశారు. దాని గురించి చెప్పాలనిపించలేదు.

"మీరు గూడా వచ్చే మంగళవారం రండి."

తిరిగొస్తూ నిజంగానే దర్గాకు పోయాం. అత్త పట్టుబట్టింది. "చెప్పొచ్చిన మాట పూర్తిగా అబద్ధం కాకూడదు పాపా" అంది. అత్తరు వాసన, గులాబీ రేకులు. తనకోసం మొక్కుకుందో, అంగడి కోసమో, మా అమ్మ వేలు కోసమో నేనడగలేదు.

ఆగస్టు 13

మెషీన్ పాతది.

ఆగస్టు 15

ఎండలో నడిచిపోయాం. పైగా చౌడమ్మ కనిపించి కంగారుపెట్టింది. ఎవరికైనా పెరుగుతుంది.

ఆగస్టు 17, ఆదివారం

అత్త ఫోన్. "మంగళారం పోవాల కదా పాపా."

క్లాసులున్నాయన్నాను.

"నువ్వు రాకుంటే నేనూ పోను."

దీన్ని బెదిరింపు అంటారు. ఈ ఎత్తు మా అమ్మ నేర్పిందేనని నా అనుమానం.

ఆగస్టు 19

వెళ్ళాం. ఈసారి మెషీన్ కొత్తది. అంకె పాతదే.

నాకూ మాత్రలిచ్చారు. ఒక చిన్న కాగితపు సంచీ, దాని మీద నా పేరు. అత్త దాన్ని చూసి, "ఇప్పుడు సరిపాయ. ఇద్దరం రోగులమే, ఇద్దరం తోడే" అంది.

ధర్మవరం తిరిగిపోతూ అమ్మ ఇంట్లో వదిలిన రేకు డబ్బా ఖాళీగా ఉంటే మాత్రలు అందులో వేశాను. ఫిరోజ్‌కు చెప్పలేదు. సమయం చూసుకుని చెప్తాను.

ఆగస్టు 24, ఆదివారం. ధర్మవరం

అమ్మ కాలు చూశాను. నలుపు తగ్గి కొత్త చర్మం ఎర్రగా వస్తోంది. అనంతపురం పోవాల్సిన పని లేదని డాక్టరమ్మ చెప్పిందట. "యేలు నిలబడె" అంది అమ్మ, బస్సులో సీటు దొరికినంత తేలిగ్గా. గోడ మీద గిన్నెలు యథాప్రకారం దాటుతున్నాయి. మునగాకు కింద ఏమీ లేదు. నేను కలబెట్టి చూశాను.

వచ్చేముందు పుల్లయ్య మామ అంగట్లోకి పిలిచాడు.

"మా ఇంటామె మొగంలో కళొచ్చింది పాపా. అంతా బాబయ్య మహిమ."

"అవును మామా."

"నెలనెలా పిల్చుకోని పో. యాడా తప్పొద్దు." పెద్ద బూందీ పొట్లం చేతిలో పెట్టాడు. "దర్గా కాడ పంచండి. మా యామెకు మాత్రం పెట్టొద్దు."

"ఎందుకు మామా?"

"మొక్కుంటాది కదా," అన్నాడు. త్రాసు పళ్ళేన్ని తుడుస్తూ నావైపు చూడలేదు. ఆ పళ్ళెం అప్పటికే శుభ్రంగా ఉంది.

ఆగస్టు 28

ఉపన్యాసం అయ్యింది. అంకెలన్నీ చెప్పాను. జాతీయోత్పత్తిలో ఆరోగ్యానికి ఎంత, జనం జేబులోంచి ఎంత. ప్రభుత్వాసుపత్రిని మన ఆసుపత్రి అనుకోవాలన్నాను. చప్పట్లు బాగానే కొట్టారు. ప్రిన్సిపాల్ శాలువా కప్పారు. అది ధర్మవరం పట్టు కాదు.

చివర ప్రశ్నలుంటే అడగమన్నారు. హేమలత లేచింది. మంచి పిల్ల, మనసులో ఏమీ ఉండదు.

"మేడమ్, మొన్న మిమ్మల్ని ఆసుపత్రిలో చూసినానని మా యమ్మ చెప్పింది. ఇప్పుడు బాగున్నారా మేడమ్?"

హాలంతా నావైపు చూసింది. అవునమ్మా, నాకు బీపీ ఉంది, ఈ ఊరి సర్కారాసుపత్రిలోనే మాత్రలు తీసుకుంటున్నాను, బాగా చూశారు అని చెప్తే చాలు. నేను అంతసేపు చదివిన ఏ అంకెకన్నా ఆ ఒక్క మాటే ఎక్కువ పనిచేసేది. నాకు తెలుసు. నోరు తెరిచాను.

"నేను తోడు వెళ్ళానమ్మా," అన్నాను.

ఆగస్టు 31, ఆదివారం. హిందూపురం

ఫిరోజ్ వంటింట్లో చక్కెర వెతుకుతూ రేకు డబ్బా తీశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"పూసలా?"

"పూసలే."

నా మొహం వైపు కాసేపు చూసి, డబ్బాను ఉన్నచోటే పెట్టి, చప్పటి టీ తీసుకుని బయటికి పోయాడు. ఆయనకు తెలుసా? పుల్లయ్య మామకు తెలిసినట్టే తెలుసా? మా వైపు మగవాళ్ళకు గోడ అవతలివి ఎంతవరకు తెలుస్తాయో, ఎక్కడ తెలియనట్టు ఉండిపోతారో, నేను చెప్పలేను.

అమ్మ చేసింది తప్పో కాదో కూడా చెప్పలేను. డాక్టరమ్మను అడిగితే తప్పంటుంది. సరస్వతమ్మత్తను అడగలేను.

మాత్ర ఇవాళ కూడా వేసుకున్నాను. అయిపోయినప్పుడు మళ్ళీ పెనుకొండ పోవాలి. వరుసలో నిలబడి నా పేరు చెప్తానా, లేక సరస్వతమ్మత్త వెనక నిలబడి తోడొచ్చానంటానా, అదీ కాదని పొద్దున్నే బెంగళూరు బస్సెక్కుతానా, తెలియదు. చెప్పాలంటే ఈ ప్రశ్నను ఇన్నేళ్ళూ తలుపు దగ్గరే నిలబెట్టాను. ఇప్పుడు లోపలికొచ్చి కూర్చుంది. ఏం పెట్టి పంపాలో ఇంకా తేల్చుకోలేదు.